తీసేస్తే తీసేశామని రాయమనండి: తెలంగాణ కార్మిక శాఖ కమిషనర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కమిషనర్ గారికి నమస్కారం.

మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, పోచారంలలోని పెద్ద ఐటీ కంపెనీల్లో ఉద్యోగాలు తీసేస్తున్న పద్ధతి గురించి ఈ లేఖ రాస్తున్నాం. మాలో కార్మిక కేసులు చూసే లాయర్లున్నారు, కంపెనీలకు పేరోల్, పీఎఫ్ లెక్కలు చేసిపెట్టేవాళ్లున్నారు, ఐటీ ఉద్యోగులున్నారు. పని తగ్గితే కంపెనీ మనుషుల్ని తగ్గించుకోకూడదని మేం అనడం లేదు. చట్టమూ అనడం లేదు. తీసేసినప్పుడు తీసేశామని రాసివ్వాలి, అందుకు చట్టం పెట్టిన ఖర్చు భరించాలి, ఆ సంగతి ప్రభుత్వానికి తెలియజేయాలి. చట్టం అడిగేది ఇంతే. ఇప్పుడు తీసేస్తున్నది కంపెనీ, రాజీనామా రాస్తున్నది ఉద్యోగి. ఆ ఒక్క కాగితంతో మిగతావన్నీ ఎగిరిపోతున్నాయి.

జరిగే తీరు దాదాపు అన్నిచోట్లా ఒకటే. ముందు ప్రాజెక్టు నుంచి రిలీజ్ చేసి బెంచ్ మీద (పని ఇవ్వకుండా ఖాళీగా) పెడతారు, లేదా రేటింగ్ తగ్గించి 30 నుంచి 90 రోజుల పీఐపీలో (పనితీరు మెరుగుపరుచుకోమని పెట్టే గడువు) పెడతారు. ఈ రెండూ లేకుండా నేరుగా జాబితాలో పేరు వచ్చేవాళ్లూ ఉన్నారు. ఒకరోజు క్యాలెండర్‌లో పదిహేను నిమిషాల మీటింగ్ కనపడుతుంది. దాని పేరు ‘డిస్కషన్’ అనో ‘క్విక్ కనెక్ట్’ అనో ఉంటుంది. వెళ్తే మేనేజర్ పక్కన అంతకుముందు ఎప్పుడూ చూడని హెచ్ఆర్ మనిషి కూర్చుని ఉంటారు. రెండు దారులున్నాయని చెబుతారు. సాయంత్రంలోగా పోర్టల్‌లో రాజీనామా కొడితే రెండు నెలల జీతం, మంచి రిలీవింగ్ లెటర్. కొట్టకపోతే టర్మినేషన్, రేపు ఏ కంపెనీ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేసినా అదే కనపడుతుంది. కారణం అనే గడిలో ‘వ్యక్తిగత కారణాలు’ ఎంచుకోమని పక్కనుండి చెబుతారు. ఇంటికి ఫోన్ చేసి మాట్లాడతానంటే టైం లేదంటారు. గంట తిరిగేసరికి లాప్‌టాప్ లాక్ అవుతుంది.

ఇంటి లోను, పిల్లల ఫీజులు, బీపీ షుగరు ఉన్న అమ్మానాన్నలు తలలో తిరుగుతున్న మనిషి ఆ గదిలో ఏ దారి పట్టుకుంటాడో మీకు చెప్పనక్కర్లేదు. అతను ఏం పోగొట్టుకున్నాడో మాత్రం రూపాయల్లో చెబుతాం, ఎందుకంటే ఆ లెక్క ఆ గదిలో ఎవరూ అతనికి చెప్పరు.

నెలకు మొత్తం 1,60,000 రూపాయలు, అందులో వేతనం కింద లెక్కకొచ్చేది 80,000 ఉన్న సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఒకరిని తీసుకుందాం. సర్వీసు 7 ఏళ్ల 8 నెలలు. రిట్రెంచ్‌మెంట్ (శిక్షగా కాకుండా కంపెనీయే తీసేయడం) అయితే పూర్తయిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు వేతనం పరిహారంగా రావాలి. ఆరు నెలలు దాటిన ముక్కను ఏడాదిగా లెక్కపెడతారు కాబట్టి 8 ఏళ్లు. 15 రోజులంటే నెలలో సగం అనుకుంటే 8 సార్లు 40,000, అంటే 3,20,000. దీనికి తోడు పారిశ్రామిక సంబంధాల కోడ్ 83వ సెక్షన్ కింద రీస్కిల్లింగ్ నిధి (తీసేసినవాళ్ల కోసం కంపెనీ జమచేయాల్సిన నిధి) నుంచి ఇంకో 15 రోజుల వేతనం, 40,000, తీసేసిన 45 రోజుల్లోగా బ్యాంకు ఖాతాలో పడాలి. గ్రాట్యుటీ వేరు: 80,000ను 15తో గుణించి 26తో భాగించి 8తో గుణిస్తే 3,69,230. గ్రాట్యుటీ రాజీనామా చేసినా వస్తుంది. మిగతా 3,60,000 రాదు.

అక్కడితో ఆగదు. చట్టప్రకారం ఇచ్చిన రిట్రెంచ్‌మెంట్ పరిహారానికి 5 లక్షల దాకా ఆదాయపు పన్ను మినహాయింపు ఉంది. అదే 3,20,000ను ‘ఎక్స్‌గ్రేషియా’ పేరుతో రాజీనామా చేసిన మనిషికి ఇస్తే జీతం కిందే లెక్క. 30 శాతం స్లాబులో ఉన్నవాళ్లకు సెస్సుతో కలిపి 99,840 పన్ను పడుతుంది. జాయినింగ్ బోనస్ తీసుకుని రెండేళ్లు నిండనివాళ్లకు మరో దెబ్బ. ఆ బోనస్ వెనక్కి కట్టాలనే షరతు సాధారణంగా ‘ఉద్యోగి తనంతట తాను మానేస్తే’ అని ఉంటుంది. రాజీనామా అని రాయించుకున్నారు కాబట్టి ఫైనల్ సెటిల్‌మెంట్‌లో దాన్ని కోసేస్తారు. వేరియబుల్ పే ఇచ్చే రోజుకి రోల్స్‌లో ఉండాలంటారు, అదీ పోతుంది. వెస్ట్ కాని (ఇస్తామన్నా ఇంకా ఉద్యోగి సొంతం కాని) షేర్లు చివరి పనిదినంతో ఆవిరి.

ఇక ‘ప్యాకేజీ’ అని చెప్పే ఆ రెండు నెలల జీతం సంగతి. చాలా అపాయింట్‌మెంట్ లెటర్లలో రెండు వైపులా 90 రోజుల నోటీసు అని ఉంటుంది. ఉద్యోగి మానేస్తానంటే ఆ 90 రోజులూ కూర్చోబెట్టి పని చేయించుకుంటారు, కాదంటే జీతం కోస్తారు. కంపెనీ తీసేసేటప్పుడు 60 రోజుల జీతం ఇచ్చి దయచూపినట్టు మాట్లాడతారు. ఇవ్వాల్సిన దానిలోంచి 30 రోజులు తగ్గించి ఇవ్వడం ప్యాకేజీ ఎలా అవుతుంది?

అయ్యా, చట్టం దగ్గరికి వద్దాం. 2025 నవంబర్ 21 నుంచి నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ వచ్చింది. రిట్రెంచ్‌మెంట్ మూల సూత్రాలు మాత్రం మారలేదు. ఏడాదికి తక్కువ కాకుండా పనిచేసిన కార్మికుణ్ని తీసేయాలంటే కారణం చూపుతూ నెల రోజుల రాతపూర్వక నోటీసు లేదా దాని బదులు వేతనం, పైన చెప్పిన పరిహారం, ప్రభుత్వానికి నోటీసు ఉండాలి. ఒకే విభాగంలో మామూలుగా చివర చేరినవాళ్లు ముందు వెళ్లాలి, అలా కాకపోతే కారణం రాసిపెట్టాలి. ఏడాదిలోపు మళ్లీ మనుషుల్ని తీసుకుంటుంటే తీసేసినవాళ్లకు ముందు అవకాశమివ్వాలి. ఐటీలో జరిగేది తలకిందులు. పన్నెండేళ్లు, పదిహేనేళ్లు పనిచేసినవాళ్ల జీతం ఎక్కువ కాబట్టి కత్తెర వాళ్ల మీదే పడుతోంది. 2025 జులైలో టీసీఎస్ తన సిబ్బందిలో 2 శాతాన్ని, అంటే సుమారు 12 వేల మందిని తగ్గిస్తామని ప్రకటించినప్పుడు ఎక్కువగా మధ్య, పై స్థాయిల వాళ్లే పోతారని తనే చెప్పింది. చివర చేరినవాళ్లు ముందు వెళ్లాలన్న సూత్రాన్ని ఎందుకు పక్కన పెట్టారో ఏ కంపెనీ అయినా కారణం రాసిపెట్టిందా అని మీ శాఖ అడగగలదు. అడిగే అధికారం ఇంకెవరికీ లేదు.

‘పనితీరు బాగోలేదు’ అనే మాట గురించి కూడా చెప్పాలి. శిక్షగా తీసేస్తే విచారణ జరగాలి, అభియోగపత్రం ఇవ్వాలి, సంజాయిషీ వినాలి. శిక్ష కాకుండా యజమాని ఏ కారణంతో తీసేసినా, చట్టం పేరుపెట్టి మినహాయించినవి తప్ప, అది రిట్రెంచ్‌మెంటే. ఈ మాటను 1990లోనే సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఖాయం చేసింది. పీఐపీలో ఫెయిలయ్యాడని చెప్పి విచారణా లేకుండా, పరిహారమూ లేకుండా పంపేయడానికి మధ్యలో మూడో తలుపు లేదు. రాజీనామా అనేది కంపెనీలు తమకోసం కొట్టుకున్న ఆ మూడో తలుపు.

మీ కార్యాలయాల దగ్గరే ఈ కేసులు ఎక్కడ జారిపోతున్నాయో కూడా చెబుతాం. మొదటిది మాట తేడా. ఉద్యోగి ఫిర్యాదులో ‘నన్ను లేఆఫ్ చేశారు’ అని రాస్తాడు. ఐటీలో అందరూ అనే మాట అదే. మన చట్టంలో లే-ఆఫ్ అంటే వేరు: మనిషి రోల్స్‌లోనే ఉంటాడు, బొగ్గో కరెంటో ముడిసరుకో లేక కంపెనీ తాత్కాలికంగా పని ఇవ్వలేకపోతుంది, సగం వేతనం ఇస్తుంది. ఆ పేరుతో వచ్చిన అర్జీకి కంపెనీ తరఫు లాయరు ‘ఇక్కడ లే-ఆఫ్ ఏమీ లేదు’ అని ఒక్క ముక్కలో జవాబిచ్చి వెళ్లిపోతాడు. కౌంటర్ దగ్గరే ఆ మాటను ‘రిట్రెంచ్‌మెంట్, బలవంతపు రాజీనామా’ అని దిద్దించాలి.

రెండోది ‘మీరు కార్మికులు కారు కదా’ అని వెనక్కి పంపడం. నిర్వచనంలో నైపుణ్యం, సాంకేతికం, ఆపరేషనల్ పని చేసేవాళ్లు స్పష్టంగా ఉన్నారు. వాళ్లకు జీతం పరిమితి లేదు. నెలకు 18,000 అనే గీత సూపర్‌వైజరీ పని చేసేవాళ్లకే. మేనేజర్ స్థాయి, అడ్మినిస్ట్రేటివ్ పని చేసేవాళ్లు బయట ఉంటారు. కానీ కోర్టులు చూసేది విజిటింగ్ కార్డు మీది హోదాను కాదు, రోజూ ఎక్కువ సేపు చేసే పనిని. ‘అసిస్టెంట్ మేనేజర్’, ‘లీడ్’, ‘అసోసియేట్’ అని పేరున్నా పొద్దున్నుంచి సాయంత్రం దాకా కోడ్ రాసి, టికెట్లు మూసి, టెస్టింగ్ చేసే మనిషికి ఎవరినీ నియమించే, తీసేసే, సెలవు మంజూరు చేసే అధికారం లేకపోతే అతను కార్మికుడే. ఇది తేల్చాల్సింది సాక్ష్యం చూసి ట్రిబ్యునల్. కౌంటర్ దగ్గరి క్లర్కు కాదు. నిజంగా మేనేజర్లైన వాళ్లకు మాత్రం ఈ దారి లేదు, వాళ్లు తమ కాంట్రాక్టు మీద సివిల్ కోర్టుకు పోవాల్సిందే. ఆ మాటా వాళ్లకు సూటిగా చెప్పి పంపడం మేలు, నెలలు తిప్పించుకోవడం కన్నా.

మూడోది చిరునామా. చాలామంది ఢిల్లీలోని కార్మిక మంత్రిత్వ శాఖకో, కేంద్ర పోర్టల్‌కో ఫిర్యాదు పెట్టి జవాబు కోసం ఎదురుచూస్తుంటారు. ప్రైవేటు ఐటీ కంపెనీల విషయంలో అధికారమున్న ప్రభుత్వం రాష్ట్రమే. ఈలోగా గడువు కరిగిపోతుంది. పాత చట్టంలో తొలగింపు మీద 3 ఏళ్లున్న గడువు కొత్త కోడ్‌లో 2 ఏళ్లకు తగ్గింది. రెండు వైపులా రాజీ కుదిర్చే కన్సిలియేషన్ అధికారికి అర్జీ పెట్టి 45 రోజులు దాటితే నేరుగా ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చన్న సంగతి కూడా బాధితులకు తెలియడం లేదు.

అందుకే మీ నుంచి కోరుతున్నవి ఇవి.

బలవంతపు రాజీనామా అని వచ్చిన ప్రతి అర్జీనీ తొలగింపు వివాదంగా నమోదు చేయాలని అన్ని జిల్లాల అధికారులకూ సర్క్యులర్ ఇవ్వండి. ‘రాజీనామా కాగితం ఉంది కదా’ అన్నది విచారణలో తేలాల్సిన విషయం, గుమ్మంలో తిప్పి పంపడానికి కారణం కాదు. విచారణలో కంపెనీని అడగాల్సినవి ఎక్కువ లేవు. ఆ రోజు మీటింగ్ ఆహ్వానం ఎవరు, ఎన్ని గంటలకు పంపారు. పోర్టల్‌లో రాజీనామా పడిన సమయం ఎంత. లాప్‌టాప్, మెయిల్, గేట్ కార్డు ఆపమని ఐటీ విభాగానికి టికెట్ ఎప్పుడు వెళ్లింది. ఆ నెలలో ఆ యూనిట్ నుంచి ఎంతమంది రాజీనామా చేశారు, వాళ్లందరి రాజీనామాల్లో ఉన్న వాక్యాలేమిటి. ఇవన్నీ సిస్టమ్ లాగ్‌లలో నిమిషాలతో సహా ఉంటాయి, కంపెనీ వాటిని కాదనలేదు. రాజీనామా మధ్యాహ్నం 3:40కి పడి, యాక్సెస్ ఆపమన్న టికెట్ ఉదయం 11 గంటలకే వెళ్లి ఉంటే ఇంకేం కావాలి? ఒకే రోజు నలభై మంది ఒకే ఇంగ్లిష్ వాక్యంతో ‘వ్యక్తిగత కారణాల వల్ల’ మానేశారంటే ఆ వ్యక్తిగత కారణం ఏమిటో ఎవరికైనా అర్థమవుతుంది. ఈ నాలుగు కాగితాలు తొలి వాయిదాలోనే తెప్పించుకుంటే సగం కేసులు మీ బల్ల దగ్గరే తెగిపోతాయి.

రెండో కోరిక లెక్కల గురించి. 2022 నవంబరులో మెటా 11,000, 2023 జనవరిలో గూగుల్ 12,000, మైక్రోసాఫ్ట్ 10,000, అమెజాన్ 18,000 మందిని తగ్గిస్తామన్నాయి. ఇవన్నీ ప్రపంచం మొత్తానికి చెప్పిన అంకెలు. అన్నిటికీ హైదరాబాద్‌లో పెద్ద ఆఫీసులున్నాయి, కానీ ఇక్కడ ఎంతమంది అన్నది చెప్పే అవసరమే వాళ్లకు రాలేదు. అవే కంపెనీలు అమెరికాలో అలా చేయలేవు. 1988 నాటి వార్న్ చట్టం ప్రకారం 100 మంది లేదా అంతకన్నా ఎక్కువ ఉన్న సంస్థ పెద్దఎత్తున తీసేయాలంటే 60 రోజుల ముందు రాష్ట్రానికి నోటీసు ఇవ్వాలి. కాలిఫోర్నియా, వాషింగ్టన్ రాష్ట్రాలు కంపెనీ పేరు, ఊరు, తేదీ, సంఖ్యలతో ఆ జాబితాను ఇంటర్నెట్‌లో పెడతాయి. శాన్‌హోసేలో ఉన్న తెలుగు ఇంజనీరు తన కంపెనీ ఎన్నో తేదీన ఎంతమందిని పంపుతుందో ప్రభుత్వ పట్టికలో చూసుకుంటున్నాడు. అదే కంపెనీలో నానక్‌రామ్‌గూడలో పనిచేసే అతని తమ్ముడికి ఆ వీలు లేదు. అంత దూరం ఎందుకు, కర్ణాటక చూడండి. ఉద్యోగ నియమాలు రాసిపెట్టుకోవాలనే స్టాండింగ్ ఆర్డర్ల చట్టం నుంచి ఐటీ కంపెనీలకు మినహాయింపు ఇస్తూనే, సస్పెన్షన్లు, తొలగింపులు, డిశ్చార్జ్‌లు ఎన్ని జరిగినా కార్మిక శాఖకు తెలియజేయాలని షరతు పెట్టింది. మీరు దానికి ఒక మాట కలపండి: రాజీనామాలు కూడా. ఒక నెలలో ఒక యూనిట్ నుంచి మామూలు కన్నా ఎక్కువ రాజీనామాలు వస్తే ఇన్‌స్పెక్టర్ వెళ్లి చూడాలి. పీఎఫ్ సంస్థ వెబ్‌సైట్‌లో సంస్థ పేరుతో వెతికితే ఏ నెలలో ఎంతమందికి చందా కట్టారో ఇప్పటికే కనపడుతుంది. ఒక్కటి గుర్తుంచుకోవాలి, చాలా కంపెనీలు దేశమంతటికీ ముంబైలోనో బెంగళూరులోనో తీసుకున్న ఒకే కోడ్ కింద చందా కడతాయి. అందుకే ఆ అంకె ఒక్కటే చాలదు, హైదరాబాద్ యూనిట్ లెక్క విడిగా తెప్పించుకోవాలి.

షాపులు, సంస్థల చట్టం సంగతి తేల్చండి. 1988 నాటి ఆ చట్టం 47వ సెక్షన్‌లో తొలగింపు నోటీసు, సర్వీసు పరిహారం ఉన్నాయి, 48లో అప్పీలు ఉంది. పనివేళలు, రాత్రి షిఫ్టులు వంటి వాటి కోసం ఐటీ కంపెనీలకు కొన్ని సెక్షన్ల నుంచి జీవోలతో మినహాయింపులు ఇస్తూ వచ్చారు. ఈరోజు ఏ సెక్షన్లకు మినహాయింపు ఉందో, ఎప్పటిదాకా ఉందో మీ వెబ్‌సైట్ మొదటి పేజీలో తెలుగులో పెట్టండి. రాత్రి షిఫ్టు నడపడానికి వెసులుబాటు ఇవ్వడం వేరు, మనిషిని పంపేయడానికి ఇవ్వడం వేరు. తొలగింపు సెక్షన్ ఆ జాబితాలో ఉంటే తదుపరి జీవోలో తీసేయించండి.

రీస్కిల్లింగ్ నిధికి రాష్ట్రం ఏ ఖాతా తెరిచిందో, కంపెనీ ఎక్కడ జమచేయాలో, కార్మికుడు ఏ ఫారం నింపాలో ప్రకటించండి. 20 మంది లేదా అంతకన్నా ఎక్కువ కార్మికులున్న ప్రతి సంస్థలో ఉండాల్సిన ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఐటీ పార్కుల్లో ఎక్కడుందో, అందులో ఉద్యోగుల తరఫున ఎవరున్నారో తనిఖీ చేయించండి. ఇంకో మాట, ఐటీ కారిడార్‌లోనే వారానికి రెండు రోజులు ఒక అధికారి కూర్చునే ఏర్పాటు చేయండి. రాయదుర్గంలో మెట్రో ఎక్కి పరేడ్ గ్రౌండ్‌లో మారి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో దిగి అంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌కు రావడం కష్టమేమీ కాదు. కానీ నోటీసు పీరియడ్‌లో ఉన్న మనిషి సెలవు పెట్టి ఆ చుట్టుపక్కలకు వెళ్లాడంటేనే ఆఫీసులో అనుమానంగా చూస్తారు.

చివరిగా, తెలుగులో ఒక పేజీ అచ్చువేయించి మీ కౌంటర్లలో, ఐటీ పార్కుల గేట్ల దగ్గర పంచండి. అందులో ఏముండాలో మేమే రాసిస్తున్నాం. ఈ లేఖ చదివే ఉద్యోగులు ఆ పేజీ వచ్చేదాకా ఆగనవసరం లేదు.

ఆ మీటింగ్‌లో ఏదీ అక్కడికక్కడ సంతకం పెట్టకండి, పోర్టల్‌లో ఏదీ నొక్కకండి. ‘ఆలోచించుకుని రాతపూర్వకంగా చెబుతాను’ అన్నంత మాత్రాన ఏ నేరమూ కాదు. గదిలోంచి బయటికి రాగానే హెచ్ఆర్‌కు, మేనేజర్‌కు ఒక మెయిల్ పెట్టి, సొంత మెయిల్‌ను కాపీలో ఉంచండి. నాలుగు వాక్యాలు చాలు: ఈరోజు ఇన్ని గంటలకు ఫలానా వారు నాతో మాట్లాడారు. రాజీనామా చేయమని, లేకపోతే తొలగిస్తామని చెప్పారు. నేను స్వచ్ఛందంగా రాజీనామా చేయడం లేదు, పని చేయడానికి సిద్ధంగా ఉన్నాను. నన్ను తొలగించదలిస్తే కారణంతో, చట్టప్రకారం రావాల్సిన మొత్తాల వివరాలతో రాతపూర్వకంగా ఇవ్వండి. మెయిల్ అప్పటికే ఆగిపోయి ఉంటే ఇదే విషయాన్ని సొంత మెయిల్ నుంచి పంపి, కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసుకు స్పీడ్‌పోస్టులో ఒక కాపీ వేయండి. రసీదు జాగ్రత్త.

అప్పటికే భయపడి నొక్కేసినవాళ్లకూ దారి మూసుకుపోలేదు. చివరి పనిదినం ఇంకా రాలేదంటే, కంపెనీ ఆమోదం పూర్తి కాలేదంటే, ఒత్తిడితో చేశానని కారణం రాసి రాజీనామా వెనక్కి తీసుకుంటున్నట్టు వెంటనే మెయిల్ పెట్టండి. ఆలస్యమైన ప్రతి రోజూ ‘ఇష్టపడే చేశాడు’ అన్న వాదనకు బలం ఇస్తుంది. ఆరు నెలల తర్వాత, ఇచ్చిన డబ్బంతా వాడుకున్నాక పెట్టిన కేసుల్లోనే ఎక్కువమంది ఓడిపోతున్నారు. డబ్బు ఖాతాలో పడితే, అభ్యంతరంతోనే తీసుకుంటున్నానని ఆ వారంలోనే రాసిపెట్టండి.

కాగితాలు ముందే సర్దుకోవాలి, పుకార్లు మొదలైన రోజే. అపాయింట్‌మెంట్ లెటర్, జీతం పెంపు లెటర్లు, మూడేళ్ల అప్రైజల్ రేటింగులు, పన్నెండు నెలల పేస్లిప్‌లు, ఫారం 16, షేర్ల గ్రాంట్ లెటర్, ఇన్సూరెన్స్ ఈ-కార్డు. ఇవి మీ సొంత ఉద్యోగ పత్రాలు. ఇక్కడే చాలామంది చేసే పెద్ద తప్పు ఒకటుంది. తొందరలో ఇన్‌బాక్స్ మొత్తం సొంత మెయిల్‌కు ఫార్వర్డ్ చేసుకుంటారు. అందులో క్లయింట్ డేటా, కోడ్ ఉంటే కంపెనీకి అప్పటిదాకా లేని ‘మిస్‌కాండక్ట్’ దొరికినట్టే. రిట్రెంచ్‌మెంట్ కాస్తా శిక్ష అవుతుంది, పరిహారం పోతుంది. ప్రాజెక్టుకు సంబంధించిన ఒక్క ఫైలు కూడా ముట్టుకోవద్దు.

పీఎఫ్, షేర్ల ఖాతా, ఆదాయపు పన్ను పోర్టల్, బ్యాంకులలో ఆఫీసు మెయిల్, ఆఫీసు సిమ్ ఇచ్చి ఉంటే ఈరోజే మార్చండి. లాప్‌టాప్ ఆగిన రాత్రి షేర్ల ఖాతాలోకి లాగిన్ కాలేక చిక్కుకునేది ఇందుకే. పీఎఫ్‌లో చివరి తేదీని కంపెనీ వేయకపోతే, ఆఖరి చందా పడిన రెండు నెలల తర్వాత పోర్టల్‌లో మీరే వేసుకోవచ్చు. చేతిలో ఇంకో ఉద్యోగం ఉంటే పీఎఫ్ డబ్బు తీయకుండా బదిలీ చేసుకోవడం మంచిది.

ఫైనల్ సెటిల్‌మెంట్‌కు 45 రోజులు పడుతుందంటే ఒప్పుకోనక్కర్లేదు. వేతనాల కోడ్ 17వ సెక్షన్ ప్రకారం తీసేసినా, రాజీనామా చేసినా రెండు పనిదినాల్లో వేతనాలు ఇచ్చేయాలి. గ్రాట్యుటీకి 30 రోజులు, దాటితే వడ్డీ. ఐదేళ్లకు కొద్ది నెలల ముందు పంపేస్తే గ్రాట్యుటీ రాదని చెబుతారు. ఐదో ఏట 240 రోజులు పనిచేస్తే ఐదేళ్లు నిండినట్టేనని మద్రాస్ హైకోర్టు తీర్పు ఉంది, వారానికి ఆరు రోజుల కన్నా తక్కువ పనిచేసే చోట చట్టం అడిగేది 190 రోజులే. నాలుగేళ్ల ఎనిమిది నెలలకు బయటికొచ్చినవాళ్లు ఫారం నింపి అడగాలి. ప్రసూతి సెలవులో ఉన్నవాళ్లను తీసేయడం చట్టవిరుద్ధం, ఆ నోటీసు చేతికొస్తే ఆ రోజే కార్మిక శాఖకు రావాలి.

గ్రూప్ ఇన్సూరెన్స్ మామూలుగా చివరి పనిదినంతో ముగుస్తుంది. ఆ తేదీకి ముందే అదే ఇన్సూరెన్స్ కంపెనీలో వ్యక్తిగత పాలసీకి మైగ్రేషన్ అడగండి. అలా మారితే ఇన్నాళ్లు గ్రూపులో ఉన్న కాలం వెయిటింగ్ పీరియడ్‌లో కలిసివస్తుంది. గ్యాప్ వచ్చాక కొత్త పాలసీ తీసుకుంటే అమ్మానాన్నల పాత జబ్బులకు 36 నెలల దాకా ఆగాల్సి రావచ్చు. ఉద్యోగం పోయిన నెలలో ఆసుపత్రి ఖర్చు మీద పడితే కూడబెట్టిందంతా దానికే పోతుంది, అందుకే దీన్ని మరిచిపోవద్దు. ఇంటి లోను విషయంలో మొదటి ఈఎంఐ తప్పకముందే బ్యాంకు మేనేజర్‌కు రాయండి. 90 రోజులు బకాయి పడితే ఖాతా ఎన్‌పీఏ (మొండి బకాయి) అవుతుంది, ఆ తర్వాత ఏం అడిగినా బ్యాంకు వినదు. గడువు పెంచి వాయిదా తగ్గించమని అడగాల్సింది ఖాతా శుభ్రంగా ఉన్నప్పుడే. ఈఎంఐ కట్టడానికి లోన్ యాప్‌ల జోలికి మాత్రం వెళ్లొద్దు.

‘బ్యాక్‌డోర్’ ఉద్యోగమని లక్షలు అడిగేవాళ్లు ఇలాంటప్పుడే వల వేస్తారు. నకిలీ ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ పీఎఫ్ సర్వీస్ హిస్టరీ ముందు ఒక్క రోజు నిలవదు. నాలుగు నెలల ఖాళీని ఇంటర్వ్యూలో నిజంగా చెప్పినవాళ్లకు ఉద్యోగాలొస్తున్నాయి, అబద్ధం బయటపడినవాళ్లు చేరిన తర్వాత కూడా పోగొట్టుకుంటున్నారు.

ఆ పేజీ అడుగున పెద్ద అక్షరాల్లో మానసిక సాయం అందించే ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416 వేయండి. పగలైనా రాత్రైనా ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఉద్యోగం పోయిన సంగతి ఇంట్లో చెప్పలేక రోజూ బ్యాగు తగిలించుకుని బయటికి వెళ్లొచ్చేవాళ్లు ఈ నగరంలో ఉన్నారు. వాళ్లకు మొదట కావాల్సింది మాట్లాడడానికి ఒక మనిషి.

కమిషనర్ గారూ, జీతాల మీద ఉన్న ఈఎస్ఐ పరిమితి నెలకు 21,000. అందువల్ల ఈఎస్ఐ ఇచ్చే నిరుద్యోగ భృతి ఐటీ ఉద్యోగుల్లో ఎక్కువమందికి అందదు. వాళ్లకు వేరే నిరుద్యోగ బీమా ఏదీ లేదు. రిట్రెంచ్‌మెంట్ పరిహారం ఒక్కటే ఆసరా, అది ఆ పదిహేను నిమిషాల మీటింగ్‌లో పోతోంది. సర్క్యులర్ ముసాయిదా, కంపెనీల నుంచి నెలనెలా తెప్పించుకోవాల్సిన పట్టిక నమూనా, పంచాల్సిన పేజీ తెలుగు ప్రతి మా దగ్గర సిద్ధంగా ఉన్నాయి. మీరు ఏ రోజు పిలిస్తే ఆ రోజు పట్టుకొచ్చి మీ అధికారులతో కూర్చుంటాం.

ఇట్లు,
హైదరాబాద్ ఐటీ రంగ ఉద్యోగులు, వారి తరఫున కేసులు, లెక్కలు చూసే న్యాయవాదులు, పేరోల్ నిపుణులు